పెన్సిలత్త ముడతలు

అత్త పోయిన మూడు వారాలకు, ఒక పొద్దున నాన్న కాఫీ గ్లాసు పక్కన పెట్టి, "అక్క మొహం గుర్తుకు రావట్లేదమ్మా," అన్నాడు.

నాకు అర్థం కాలేదు. తొంభై ఒక్కేళ్లు బతికిన అక్క. ఇద్దరూ విడిగా ఉన్నదే తక్కువ.

"గొంతు వినబడుతోంది. నడక కూడా కనబడుతోంది. మొహం దగ్గరికొచ్చేసరికి అలుక్కుపోతోంది. గోడకొక ఫొటో పెట్టండి."

నాన్నకు ఎనభై నాలుగు. ఏడో ఏట తల్లి పోతే, పద్నాలుగేళ్ల అక్క పెంచింది. తాళాలు ఎక్కడ పెట్టాడో మర్చిపోతే నవ్వుకునేవాళ్లం. ఇది అలాంటిది కాదు. ఆయన భయపడ్డాడు, ఆయన్ని చూసి నేను భయపడ్డాను.

చెప్పుకుంటే సిగ్గుచేటు, యాభై మూడేళ్లు ఫొటో స్టూడియోలో పనిచేసిన మనిషిది ఇంట్లో గోడమీద ఒక్క ఫొటో లేదు. అత్త పని నెగెటివ్‌లు దిద్దడం. ఏటవాలు బల్ల, మధ్యలో అద్దం, అద్దం కింద దీపం. గరుకు కాగితం మీద సూదిలా అరగదీసిన పెన్సిలుతో నెగెటివ్ మీద చుక్కలు పెట్టేది. నెగెటివ్‌లో మొటిమలూ ముడతలూ ఖాళీగా కనిపిస్తాయి. వాటిని పెన్సిలుతో పూడిస్తే కాగితం మీద మొహం నున్నగా వస్తుంది. ఊళ్లో సగంమంది ఆమె చేతిలో పడ్డాకే అందగాళ్లయ్యారు. అందుకే మాకు పెన్సిలత్త. ఒకసారి ఎవరూ అడక్కుండానే ఓ పెళ్లికూతురి బుగ్గమీది పుట్టుమచ్చ తీసేసిందట. ఆ పిల్ల అత్తగారు ఫొటో పట్టుకొచ్చి, "మా కోడల్ని మాకిచ్చేయండి," అని బల్ల ముందు కూర్చుందట. ఆ సంగతి చెప్పి తనే పడీపడీ నవ్వేది. తనకి మాత్రం కెమెరా చూపిస్తే తలుపు చాటుకు పోయేది. రోజంతా చూసే మొహాలు చాలవా, ఇంకా నాదొకటా అనేది.

ఉన్నది ఒకే ఒక్కటి. పోయినేడు కిటికీ దగ్గర కూర్చున్న అత్తను తమ్ముడు ఆమెకు తెలియకుండా ఫోన్లో తీశాడు. దాన్నే స్టూడియోలో ఇచ్చి పెద్దది చేయించుకొచ్చాడు. కాగితం విప్పేసరికి నాకు ఒళ్లు మండింది. కంప్యూటరు ముందు కూర్చున్న మహానుభావుడెవరో ముడతలన్నీ ఇస్త్రీ చేసేశాడు. మెడ మీద తొంభై ఏళ్లు, పైన కోడిగుడ్డు.

"నీటుగా చేశారు కదక్కా," అన్నాడు తమ్ముడు నిమ్మకు నీరెత్తినట్టు.

"అసలుది ఏదిరా?"

"దానిమీదే దిద్ది సేవ్ చేసేశారట. నా ఫోనేమో మొన్న బకెట్లో పడింది."

గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. నాకసలే ముక్కుమీద కోపం. వాణ్ణి అన్న మాటలు ఇక్కడ రాయను.

చేసేదిలేక దాన్నే నాన్నకు చూపించాం. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఎవరమ్మా ఈవిడ? బాగున్నారు."

తమ్ముడి మొహంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. "అత్తే నాన్నా," అన్నాడు మెల్లిగా. నాన్న మళ్లీ చూశాడు. మమ్మల్ని కష్టపెట్టడం ఇష్టం లేక "అలాగా," అన్నాడు. ఆ మాట వినేకంటే నాలుగు తిట్లు తినడం నయం.

మర్నాడు తమ్ముణ్ణి తరిమి, అదే ఫొటో మెరుపులేని కాగితం మీద ఇంకొకటి తెప్పించాను. అత్త పెట్టెలోంచి పెన్సిళ్లు తీశాను. ముప్పై ఏళ్లుగా ఇళ్ల ప్లాన్లు గీసి బతుకుతున్నదాన్ని, గీతకు భయపడను. ఊరందరి ముడతలు మాయం చేసిన పెన్సిళ్లతో అత్త ముడతలు అత్తకు పెట్టడానికి కూర్చున్నాను.

గుర్తొస్తేగానీ గీత పడదు. ఎడమకంటి మూల మొదలుపెట్టాను. పనిలో ఉన్నప్పుడు ఆ కన్ను మూసి, రెండోదాంతో భూతద్దంలో చూసేది. అందుకే ఎడమవైపు ఐదు గీతలు, కుడివైపు రెండే. పై పెదవి మీద సన్నవి బోలెడు. పెన్సిలు పొడి ఊదీ ఊదీ వచ్చినవి. రెండో పెన్సిలు నోట్లో కుడిపక్కన పెట్టుకుని ఎడమపక్కతోనే నవ్వేది కాబట్టి నోటికి ఎడమపక్క ఒక లోతైనది. కనుబొమల మధ్య రెండు నిలువుగీతలు. నేను పరీక్ష తప్పిన రోజు ఆ రెండూ దగ్గరికొచ్చాయి. "మళ్లీ రాస్తావు, అంతేగా," అన్నాక విడిపోయాయి. ఆమె అరవై తొమ్మిదో ఏట స్టూడియోవాళ్లు కంప్యూటరు తెచ్చి, ఆమె బల్లను వరండాలోకి నెట్టారు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి పెదాలు బిగించుకుని కూర్చుంది. గడ్డం మీది గీత అప్పటిదే అనుకుంటా. ఇక పళ్లూడాక కట్టుడు పళ్లు పెట్టుకోనని మొండికేసి, బుగ్గలు పోగొట్టుకుంది. అక్కడ నీడ వేశాను.

గీస్తూనే ఏడ్చాను. అత్తంటే నాకు ప్రాణం. అయినా బతికుండగా ఇంత దగ్గరగా ఎన్నడూ చూడలేదు.

మధ్యాహ్నానికి పూర్తయింది. నాన్న ఒళ్లో పెట్టి, తమ్ముడూ నేనూ పక్కన నిలబడ్డాం.

"అక్కే," అన్నాడు నాన్న. బొటనవేలు ఫొటో అంచు మీద పెట్టి అలా చూస్తూ ఉండిపోయాడు. ఆ తర్వాత, "ఒకటి లేదమ్మా," అన్నాడు.

"ఏది నాన్నా?"

"కుడికంటి కింద, అడ్డంగా. అది అన్నిటికంటే ముందొచ్చింది. అక్క ముప్పయ్యో ఏట." నాన్న తలెత్తలేదు. "స్టూడియోలో కెమెరా పట్టే ఆయన ఇంటికొచ్చి నన్నడిగాడు, మీ అక్కను చేసుకుంటానని. నా చదువయ్యాక చూద్దాంలెండి అన్నాను. అక్క వెళ్లిపోతే వంటెవరు చేస్తారని నా బెంగ. లోపల్నుంచి తను వింటూనే ఉంది. చదువయింది. నేను ఆ ఊసెత్తలేదు. తనూ ఎత్తలేదు. నిద్ర చాలక పడిందని చెప్పేది ఆ గీత."

పెళ్లెందుకు చేసుకోలేదత్తా అని చిన్నప్పుడు అడిగితే, "మీరు చాలరూ," అనేది. మేం పొంగిపోయేవాళ్లం.

పెన్సిలు నాన్న చేతికిచ్చాను. "నువ్వే గియ్యి నాన్నా."

ఆయన కాసేపు పట్టుకుని, మళ్లీ నాకే ఇచ్చేశాడు.

"నువ్వు గియ్యమ్మా. నేనొకసారి గీశానుగా."

కంటి కింద సన్నగా గీశాను. నాన్న కళ్లద్దాలు తుడుచుకుని వంగి చూశాడు.

"అంత సన్నం కాదు," అన్నాడు.