బీడీల వాకిట నర్సుల బడి

బాలమణిని నిలబెట్టారు. రాత్రంతా కాన్పుల వార్డులో పనిచేసి, ఇంటి మొహం చూడకుండా అటునుంచటే హోటల్ హాలుకొచ్చి కూర్చున్న మనిషి. కళ్లు మూతపడ్డాయని, బడిపిల్లను నిలబెట్టినట్టు అందరి ముందూ నిలబెట్టారు. నిలబెట్టిన పెద్దమనిషి ఎవరంటే, పాలపొడి కంపెనీ సేల్స్‌మన్! దినాం పసికందులను తల్లి రొమ్ముకు పట్టించే ఆడవాళ్లకు, డబ్బాలో పొడి నీళ్లలో ఎట్లా కలపాలో పాఠం చెప్తున్నాడు. డబ్బాలు అమ్ముకునేవాడు నర్సులకు గురువు. థూ!

"ఈమెకు పాయింట్లు బంద్," అన్నాడు వెనక సోఫాలో చల్లగా కూర్చున్న వాసుదేవ్ సేఠ్.

పక్క కుర్చీలోని తోటి నర్సు యశోద తల వంచుకుంది.

ఈ సేఠ్‌వి షోలాపూర్ దాజీ పేట్‌లో పవర్‌లూమ్ కార్ఖానాలు. అక్కడి ట్రస్టు దవాఖాన కూడా ఆయన చేతిలోదే. అది తొంభై నాలుగు ఎండాకాలం. నర్సులు ఏటా శిక్షణ పాయింట్లు తెచ్చుకోవాలని, తక్కువైతే నౌకరీ ఉండదని ట్రస్టు ఒక రూలు పెట్టింది. చదువంటే ఎవరికి చేదు? కానీ పాయింట్లు దొరికేది సేఠ్ పెట్టే క్యాంపులోనే. క్యాంపు జరిగేది సేఠ్ బామ్మర్ది హోటల్లోనే. ఫీజు జీతంలోంచే కోస్తారు. దోపిడీకి బోర్డు కట్టి, దానికి జ్ఞానవృద్ధి శిబిరమని పేరు పెట్టుకున్నాడు మహానుభావుడు.

యశోదకూ పాయింట్లు తక్కువే. నాయిన లింగయ్యకు మగ్గాల దూది పొట్టుతో ఊపిరితిత్తులు పాడయ్యాయి. తల్లి చంద్రభాగ బీడీలు చుడుతుంది. యశోద నౌకరీ పోతే ఆ ఇంట్లో పొయ్యి రాజేసేది ఎట్లా?

"మన కులపోడే గదా. మంచిగ అడుగుదాం, ఇంటడు," అంది యశోద తోటి నర్సులతో.

ఏ పని కావాలన్నా ముందు ఒక సత్కారం చేయడం షోలాపూర్‌లో పెద్ద రోగం. కొబ్బరికాయ, పూలదండ, భుజాల మీద కప్పే చద్దర్ దుప్పటి. లింగయ్య దగ్గుకుంటూనే ఇంటి మగ్గం ఎక్కి, నెమళ్ల అంచుతో చద్దర్ నేశాడు. నర్సులంతా కలిసి దాన్ని సేఠ్ భుజాల మీద కప్పి, చప్పట్లు కొట్టి, ఫీజు మాఫీ చేయమని చేతులు జోడించారు.

సేఠ్ చద్దర్ అంచు బొటనవేలితో రుద్ది చూశాడు. "నేత జర వంకర వోయింది," అన్నాడు. మడతపెట్టించి కారులో పెట్టించాడు. "అచ్ఛా, వచ్చే క్యాంపుకు ఫీజు మర్శిపోవద్దు, బేటీ."

అంతే! ఇంత సిగ్గుమాలిన జన్మ ఉంటుందా?

భవాని పేట్‌లో చంద్రభాగ వాకిట్లో ఆడవాళ్లు ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. నర్సులు వచ్చి కూలబడ్డారు. యశోద జరిగింది చెప్పింది.

చంద్రభాగ వేళ్లు ఆగలేదు. నోరు మాత్రం లేచింది. "సద్వుకున్నోళ్లు మీరు! మీ నాయిన పానం తీసి నేసిన చద్దర్ ఆ ముండకొడుక్కు కప్పి వచ్చిండ్రా? కులపోడట! మీ నాయిన దగ్గుతుంటే కార్ఖానాలకెల్లి ఎల్లగొట్టింది ఎవడే? గా కులపోడు కాదా?"

"మరేం జెయ్యాలె అవ్వా? పాయింట్లు ఆని చేతులున్నయి."

"పాయింట్లు ఆని చేతులున్నయి. సద్వు గూడ ఆని చేతులున్నదా?"

ఆ మాట పట్టుకుంది యమునాబాయి. సర్కారీ దవాఖానలో మేట్రన్‌గా చేసి రిటైరైన మనిషి, అదే గల్లీలో ఉంటుంది. "పాఠం నేను జెప్త. పైస వద్దు. గిక్కడ్నే కూసుందాం."

"వీళ్ల పని పాడైతది గదా బాయీ," అంది సావిత్రి అనే నర్సు.

"ఏం పాడుగాదు. చేతులు బీడీల మాలక్‌వి, చెవులు మనయి," అంది చంద్రభాగ.

ఆదివారం మధ్యాహ్నాలు వాకిలి బడైపోయింది. యమునాబాయి పీలికలతో బొమ్మ కుట్టి తెచ్చి, పుట్టగానే ఏడవని బిడ్డను ఎట్లా తుడవాలో, ఎట్లా ఊపిరి ఊదాలో చూపించి, ఒక్కొక్క నర్సుతో చేయించింది. సావిత్రి కాలిన గాయాల సంగతి చెప్పింది. బాలమణి కడుపుతో ఉన్నోళ్ల కోసం బతుకమ్మ బాణీలో పాట కట్టింది:

"కాళ్లకు వాపొస్తె ఉయ్యాలో, తలనొప్పి తగ్గకుంటె ఉయ్యాలో,
కండ్లు మసకలైతె ఉయ్యాలో, దవఖాన్ల జేరాలె ఉయ్యాలో."

బీడీల ఆడవాళ్లు చుడుతూనే వంత పాడారు. తప్పు చేసిన నర్సును ఆట పట్టించారు. "గట్ల ఊదితే పొయ్యి గూడ అంటుకోదు పోరీ!" అని ఒక ముసలమ్మ అంటే అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. యశోదకు హోటల్ హాలులో ఎన్నడూ ఎక్కని చదువు ఇక్కడ నవ్వుకుంటూ ఎక్కింది.

అప్పుడు నర్సులంతా కలిసి సేఠ్ దగ్గరికి పోయారు. ఈసారి చేతులు జోడించలేదు.

"ఫీజు కట్టం," అంది యశోద. "డ్యూటీల్నే నేర్పాలె. మేం నడిపే బడికి పాయింట్లు ఇయ్యాలె."

"బీడీలోళ్ల గల్లీల బడా?" సేఠ్ ముక్కు చిట్లించాడు. "పొగాకు కంపు కొట్టే పాయింట్లా?"

"నీ పాలడబ్బా పాఠం కన్న నయమే," అంది యశోద.

మర్నాడు యశోదను నౌకరీలోంచి తీసేశారు.

ఆ మర్నాడు దవాఖాన గేటు ముందు నర్సులు బైఠాయించారు. కాన్పుల వార్డును, అర్జెంటు కేసులను వదల్లేదు. వంతులేసుకుని లోపల చూసుకుంటూనే బయట కూర్చున్నారు. చాటలు చంకనబెట్టుకుని బీడీల ఆడవాళ్లు వచ్చారు. మగ్గాలు ఆపి నేతగాళ్లు వచ్చారు. లింగయ్య దగ్గుకుంటూ వచ్చి కూతురి పక్కన కూర్చున్నాడు. యమునాబాయి గేటు ముందే పాఠం మొదలుపెట్టింది. కొంతం చౌక్ దాకా జనమే జనం.

సేఠ్‌కు చెమటలు పట్టాయి. పోలీసులకు ఫోన్ కొట్టాడు. నల్లబండి వచ్చి ఆగింది. ఇన్‌స్పెక్టర్ నేరుగా వచ్చి యశోద చెయ్యి పట్టుకుని బండి ఎక్కించాడు.

జనం భగ్గుమన్నారు. అప్పుడు సేఠ్ మెట్ల మీదికి వచ్చి రెండు చేతులూ ఎత్తాడు. "అరే, మిగిలినోళ్లు లోపలికి రాండి! ఈ ఏడు పాయింట్లన్నీ ఇస్త! అందరికిస్త! పైస లేకుంట ఫుకట్ ఇస్త!"

క్యాంపు లేదు, పాఠం లేదు, పరీక్ష లేదు. నోటితో అంటే చాలు, పాయింట్లు రాలిపోతున్నాయి! ఇన్నాళ్లు ఈ చిల్లర బిచ్చం కోసమా నిద్రలు చంపుకుని, జీతాలు కోయించుకుని, వీడి ముందు తలలు వంచింది? యశోద బండిలోంచే కిందికి ఉమ్మేసింది.

ముందు కదిలింది బాలమణి. సేఠ్ వైపు కన్నెత్తి కూడా చూడలేదు. తిన్నగా పోయి పోలీసు బండి ఎక్కింది.

"ఏయ్, నిన్నెవరు ఎక్కమన్నరు?" జవాను కేకేశాడు.

"ఎవరూ అన్లే. నేనే ఎక్కిన."

ఆమె వెనక సావిత్రి ఎక్కింది. యమునాబాయి మోకాళ్లు పట్టుకుని ఎక్కింది. చంద్రభాగ చాటను లోపలికి అందించి తానూ ఎక్కింది. "ఫుకట్! ఫుకట్!" అని సేఠ్ ఇంకా అరుస్తూనే ఉన్నాడు. వినే దిక్కు లేదు.

బండి నిండిపోయింది. ఇన్‌స్పెక్టర్ తలుపు వేయబోయాడు. యశోద కాలు అడ్డం పెట్టింది.

"ఆగు సాబ్, ఇంక ఎక్కెటోళ్లున్నరు. అవ్వా, జర అటు జరుగు."