గోల్డ్‌ఫిష్‌కు మీసాలుండవు

ప్రియ పుట్టింటి నుంచి వచ్చీ రాగానే సంచి వంటింట్లో పడేసి, నేరుగా కొట్లో ఉన్న అక్వేరియం దగ్గరికి వెళ్ళి మేత వేసింది. చేప పైకొచ్చింది. మూతికి అటూ ఇటూ సన్నటి మీసాలు!

గోల్డ్‌ఫిష్‌కు మీసాలుండవు. ఉంటే అది కోయి చేప, వేరే జాతి. పిల్లప్పుడు రెండూ ఒకే రంగులో ఉండి ఎవరినైనా బురిడీ కొట్టిస్తాయి. కానీ ఇది పెళ్ళయినప్పటి నుంచీ ఆమె పెంచుకుంటున్న చేప. చల్లనీళ్ళలో బతికేదని ఎండాకాలం ఐసు బాటిల్ వేసి మరీ కాపాడింది. ఊరికి సరఫరా అయ్యే మంజీర నది నీళ్ళు పట్టి, నిలవుంచి, కొంచెం కొంచెంగా మార్చేది.

"నా చేప ఏది?" అంది భర్త విఘ్నేశ్వర్‌తో.

"అదే గదా" అన్నాడు తలెత్తకుండా.

"నేను అటు పోంగనే మీసాలు మొలిచినయా దానికి?"

ప్రియకు ఒళ్ళు మండిపోయింది. చచ్చిందంటే ఏడ్చి ఊరుకునేది. గిరాకీ అడిగిన సరుకు లేకపోతే, అలాంటిదే ఇంకోటి చప్పుడు చేయకుండా పొట్లం కట్టివ్వడం ఈ కొట్టు అలవాటు. ఇప్పుడు ఇంటి కోడలికీ అదే పొట్లమా!

గల్లా ముందు కూర్చున్న మామ కాశీనాథ్ కలగజేసుకున్నాడు. "సచ్చిందమ్మా. పోయిన వారం మంజీర నీళ్లు రాలే. వీడు బోరు నీళ్లు నింపిండు, తెల్లారెవరకు తేలింది. నువ్వు పరేషాన్ అయితవని ఇంకోటి తెచ్చినం."

బోరు నీళ్ళు! కొట్టు వెనక గదుల్లో కిరాయికి ఉండే ఫ్యాక్టరీ కూలీలంతా తాగేది అవే.

"వాళ్లకు చెప్పిన్రా మామయ్యా?"

"ఏమని చెప్పాలె? నీళ్లన్నీ ఒక్కసారి మారిస్తే చేప సస్తదని నువ్వే అంటివి."

"మరి మన వంటింట్ల కొత్తగ గన్ని మినరల్ వాటర్ డబ్బాలెందుకు?"

విఘ్నేశ్వర్ గొణిగాడు, "చెప్తే గదులు ఖాళీ చేసి పోతరు."

"చేప పోతే చేపను తెస్తిరి. కిరాయిదారు పోతే ఇంకో కిరాయిదారును తెస్తరా? సిగ్గుండాలె!"

ప్రియ విసవిసా వెనక్కి వెళ్ళింది. మొదటి గదిలో ఉండే కౌసల్య బోరు నల్లా కింద బిందె పెట్టి నిలబడి ఉంది. ప్రియ నల్లా కట్టేసింది.

"తాగకు కౌసల్యా. ఈ నీళ్లు పోస్తే మా చేప సచ్చింది."

"అయ్యో! ఎప్పుడమ్మా?"

"పోయిన వారం."

కౌసల్య ముఖం మారిపోయింది. "పోయిన వారం తెలిస్తే ఇయ్యాల చెప్తున్నరా? మా పాప పాలల్ల రోజు గివే కలుపుతున్న."

తాను ఊళ్ళో లేనని చెప్పబోయింది ప్రియ. కౌసల్య బిందెడు నీళ్ళు అక్కడే కుమ్మరించి, ఒక్కో గది తలుపూ కొట్టి అందరినీ బయటికి పిలిచింది. అంతా కలిసి కొట్లోకి నడిచారు. ప్రియ కూడా వాళ్ళతోనే నడిచింది.