ఇంకు ఆరేలోపు

పొద్దున్నే బొమ్మల అచ్చుషాపు షట్టరు ఎత్తగానే చెల్లెలు చేసే మొదటి పని, తీగ మీద ఆరేసిన కాగితాల్ని ఓసారి చూసి రావడం. తడి ఇంకుతో ఉన్న బొమ్మలు కుదురుగా ఉండవు కదా. నిన్న మెట్ల మీద కూర్చున్న ముసలాయన తెల్లారేసరికి నీడలోకి జరిగి ఉంటాడు. గోడెక్కిన మేక దిగిపోయి ఉంటుంది. ఇంకు ఆరాక ఎవరు ఎక్కడుంటే ఇక అక్కడే. కొనేవాళ్ళకీ ఈ సంగతి తెలుసు. "ఇంకా తడిగా ఉందా? సరే, వాళ్ళు సర్దుకున్నాకే వస్తాలెండి" అని వెళ్ళిపోతారు.

అన్నయ్యని వీధంతా రంపం మాస్టారంటారు. చెక్కపలక మీద బొమ్మ చెక్కి, సన్నటి రంపంతో ఆ పలకనే ముక్కలుగా కోస్తాడు. ఆకాశం ఒక ముక్క, గోడ ఒక ముక్క, మనిషి ఒక ముక్క. చెల్లెలు ఒక్కో ముక్కకి ఒక్కో రంగు రోలరుతో పూసి, అన్నిటినీ మళ్ళీ ఎక్కడివక్కడ పేరుస్తుంది. పైన కాగితం పరిచి ప్రెస్సు తిప్పితే రంగులన్నీ ఒక్కసారే దిగుతాయి. రంపం తిరిగిన దారి మాత్రం వెంట్రుకంత తెల్లగీతగా మిగిలిపోతుంది.

రంగుల జోలికి మాస్టారు పోడు. ఆయన కంటికి ఎరుపూ ఆకుపచ్చా ఒక్కలాగే కనిపిస్తాయి. చెల్లెలు లేకపోతే ఆ షట్టరు దించేసుకోవడమే. ఆయన తర్వాత అబద్ధం ఆడింది కూడా ఆ భయంతోనే.

బస్సు డిపో వాళ్ళు, తమ హాల్లోనూ ఆఫీసు గదుల్లోనూ పెట్టుకోవడానికి డిపో బొమ్మ కావాలన్నారు. మాస్టారు చూసి గీసుకోవడానికి ఒక డ్రైవరు తన బస్సుని తెచ్చి షాపు ముందు ఆపాడు. ఆ తర్వాత బస్సు లేకుండా కూడా రావడం మొదలుపెట్టాడు. చెల్లెలు ఇంకు కలుపుతుంటే గుమ్మంలో నిలబడి, "అది మా బస్సు రంగు కాదండీ, మాది ఇంకొంచెం ముసలి రంగు" అనేవాడు. ఎవరితోనూ పెద్దగా మాట్లాడని చెల్లెలు ఆ మాటకి నవ్వేది.

ఒకరోజు ఆమె లేకుండా చూసి డ్రైవరు మాట కదిపాడు.

"మీ చెల్లెలిగారిని చేసుకోవాలనుందండీ. ఆవిడ మనసులో ఏముందో మీరే కనుక్కుని చెప్పాలి. నేరుగా అడగడానికి నాకు నోరు పెగలట్లేదు."

"సరే, అడుగుతాను" అన్నాడు మాస్టారు.

అడగలేదు. డ్రైవరు మళ్ళీ వచ్చినప్పుడు, "తనకిష్టం లేదు బాబూ. ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తొద్దంది" అన్నాడు. అంత సాఫీగా తన నోట్లోంచి ఎలా వచ్చిందో ఆయనకే అర్థం కాలేదు. డ్రైవరు తలూపి, చెప్పులు వెతుక్కుని వెళ్ళిపోయాడు. చెప్పులు ఎదురుగానే ఉన్నాయి పాపం.

డిపో బొమ్మలో ఒక చివర బస్సు, ఇంకో చివర టికెట్ల కిటికీ. కిటికీ దగ్గర నిలబడిన ఆడమనిషికి మాస్టారు అలవాటు కొద్దీ చెల్లెలి పోలికలే దించాడు. అచ్చు తీసిన మర్నాడు చూస్తే, ప్రతి కాగితంలోనూ ఆవిడ కిటికీ వదిలేసి బస్సు వైపు నడుస్తోంది. ఆవిడ నిలబడ్డ చోట తెల్లటి ఖాళీ మిగిలింది.

మాస్టారు వాటిని గబగబా తీగ మీంచి లాగేశాడు. ఇవి బాగా రాలేదని పక్కన పడేసి, బస్సుకీ మనిషికీ మధ్య ఒక గోడ ముక్క చేర్చి మళ్ళీ అచ్చు వేయించాడు. ఆవిడ గోడ చుట్టూ తిరిగి వెళ్ళింది.

"అన్నయ్యా, ఆ డ్రైవరుగారు ఈమధ్య రావట్లేదేం?" అంది చెల్లెలు, రోలరు మీంచి కళ్ళెత్తకుండా.

"ఏమో. రూటు మార్చేసుంటారు."

"ఊఁ" అందామె. కాసేపటికి ఆమె రోలరు మీది ఇంకు చెక్కముక్క అంచు దాటి పక్కకి కారింది. ఇన్నేళ్ళలో ఆమె అలా చేయడం ఆయన చూడలేదు.

"ఈసారి కిటికీ దగ్గరి ఆ మనిషి ముక్క పెట్టకు" అన్నాడు మాస్టారు.

"అక్కడ బోసిగా కనిపిస్తుందిగా?"

"కనిపించనీ."

మర్నాడు చెల్లెలి కంటే ముందే వచ్చి చూశాడు. బస్సు తన చోటు వదిలి, గోడ దాటి వచ్చి, ఆ తెల్లటి ఖాళీ పక్కన ఆగి ఉంది. ఆయన మూసినట్టు చెక్కిన తలుపు బార్లా తెరిచి ఉంది. తీగ మీదున్న కాగితాలన్నిటిలోనూ అంతే.

వెనక చెల్లెలు ఎప్పుడొచ్చిందో ఆయన చూసుకోలేదు.

"ఎవరికోసం ఆగింది అన్నయ్యా?"

ఇంక దాచడం ఆయన వల్ల కాలేదు. "నీ కోసం. అతను నిన్ను చేసుకుంటానని అడిగాడు. నీకిష్టం లేదని నేనే చెప్పాను. నువ్వెళ్ళిపోతే రంగులెవరు వేస్తారని..."

ఆమె పాతగుడ్డతో ఒక్కో వేలూ తుడుచుకుంది.

"పెళ్ళయినా వచ్చి వేసేదాన్నే. ఒక్క మాట నన్ను అడగాల్సింది."

"ఇప్పుడు రావా?"

"ఇప్పుడేమో తెలీదు."

గుడ్డ బల్ల మీద పెట్టి ఆమె డిపో వైపు నడిచింది. పిలవకపోయినా ఆయన వెనకే వెళ్ళాడు. డ్రైవరు బస్సు అద్దం తుడుస్తున్నాడు. ఆమెని చూసి దిగాడు, ఆమె వెనక మాస్టారిని చూసి తడబడ్డాడు. తిట్లైనా సరే, దెబ్బలైనా సరే, నిజం చెప్పేయాలనుకుని మాస్టారు ముందుకొచ్చాడు. నోరు తెరిచేలోపే చెల్లెలు అందుకుంది.

"ఆ రోజు అన్నయ్య అడిగితే నేనే తొందరపడి వద్దన్నానండీ. తర్వాత ఆలోచించుకున్నాను. మీకింకా ఇష్టముంటే, నాకిష్టమే."

డ్రైవరు చేతిలో తడిగుడ్డ నీళ్ళు కారుతూనే ఉంది. దాన్ని పక్కన పడేసి మాస్టారి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"మళ్ళీ మీరే అడిగి ఒప్పించి ఉంటారు. మీ మేలు మర్చిపోనండీ."

మాస్టారు చెల్లెలి వైపు చూశాడు. ఆమె అప్పటికే బస్సు మెట్టెక్కి, లోపల సీట్లు ఎలా ఉన్నాయో చూస్తోంది. పట్టుకున్న చేతులు విడిపించుకోవడం ఎలాగో తెలియక ఆయన అలాగే తలొంచుకుని నిలబడ్డాడు.