తనిఖీకి కనబడని ఆరుగురు

ఆ మంగళవారం ఉదయం ఎనిమిది గంటలకే వరద సేవా నిలయం గేటు ముందు ఒక టెంపో వచ్చి ఆగింది. అందులోంచి పద్దెనిమిది పరుపులు, పద్దెనిమిది దిండ్లు దిగాయి. హోసూరులో కల్యాణ మంటపాలకు పరుపులు అద్దెకిచ్చే షాపువాళ్లవి అవి. వాటి వెనకే ఒక సినిమా టాకీసు నుంచి అడిగి తెచ్చిన, మంటలార్పే ఎర్ర ఇసుక బకెట్లు నాలుగు దిగాయి. ఆయా పుట్టమ్మ ఒక్కో పరుపునూ మంచం మీద పరిచి, షాపు పేరు అచ్చు వేసిన వైపు కిందికి వచ్చేలా తిప్పింది. అలా తిప్పమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. తొమ్మిదేళ్లలో అదే అలవాటైపోయింది.

కృష్ణగిరి కొత్త జిల్లా అయిన మరుసటి ఏడాది మాట ఇది. శూళగిరి నుంచి హోసూరు వైపు వచ్చే బస్సులో కూర్చుంటే, రోడ్డుకు కాస్త లోపలగా ఆ తెల్ల బంగళా కనిపించేది. మతి సరిగా లేని ఆడవాళ్లను, ఇంటివాళ్లు వద్దనుకున్న ఆడవాళ్లను చేర్చుకునే చోటు అది. బస్సులో వెళ్లేవాళ్లు గేటు మీది బోర్డు చదివి, ఇంత మంచి పని చేస్తున్న మహానుభావుడు ఎవరో అనుకునేవారు. చదివే మీరైనా నేనైనా అంతే అనుకుంటాం. బస్సు కిటికీలోంచి చూస్తే ఏ ఇల్లయినా బాగానే ఉంటుంది.

ఆ మహానుభావుడి పేరు వరదప్ప. చెడ్డవాడని ఒక్క ముక్కలో తేల్చేస్తే నా పని సులువయ్యేది గాని, అలా అనడానికి నోరు రాదు. బస్టాండులో పడి ఉన్నవాళ్లను తన జీపులో ఎక్కించుకుని తెచ్చిన మనిషి అతను. పుట్టమ్మకైతే దేవుడే. అత్తిముగం ఊళ్లో ఆమె చెల్లెలు అంగాళమ్మకు ముప్పై ఏళ్లు వచ్చినా ఐదేళ్ల పిల్ల బుద్ధే. తల్లీతండ్రీ పోయాక అన్నావదినలు ఆ పిల్లను పశువుల కొట్టంలో కట్టేశారు. మొగుడు పోయి ఒంటరిగా ఉన్న పుట్టమ్మ చెల్లెలి కట్టు విప్పి తీసుకొచ్చింది. కానీ ఆ ఇద్దరికీ ఇల్లు అద్దెకిచ్చినవాళ్లు లేరు, చెల్లెలిని వెంటపెట్టుకుని వస్తానంటే పనిలో పెట్టుకున్నవాళ్లూ లేరు. అలా తిరిగి తిరిగి అలిసిపోయినప్పుడు వరదప్ప ఒక్కడే, "నీ చెల్లెలు ఈడ ఉంటాది, నువ్వు ఈడే పని చెయ్యి" అన్నాడు. ఆ ఒక్క మాటకు ఆమె తొమ్మిదేళ్లుగా తల వంచుకునే ఉంది.

పద్దెనిమిది మందికి అనుమతి ఉన్న ఆ ఇంట్లో ఇరవైనలుగురు ఉండేవారు. అందరికీ కలిపి వెనక హాలు ఒక్కటే, దానికి తలుపు ఒక్కటే, తలుపుకు బయట తాళం. హైవే మీదికి పోతారని భయం అనేవాడు వరదప్ప. ఇరవైనలుగురికి ఇద్దరే ఆయాలన్న మాట మాత్రం ఎవరూ పైకి అనేవారు కాదు. ఆ తాళంచెవి పుట్టమ్మ నడుముకు వేలాడేది. ప్రతి పది నిమిషాలకూ గేటు ముందు నుంచి ఒక బస్సు పోయేది. అంగాళమ్మ చెయ్యి పట్టుకుని ఎక్కితే ఎక్కడ దిగాలో తెలియదు కాబట్టి, ఆమె ఒక్క బస్సూ ఎక్కలేదు. తాళం వేసేది ఆమే అయినా లోపలున్నవాళ్లలో తానూ ఒకతె అని ఆమెకు ఎప్పుడూ తోచలేదు.

తనిఖీ వస్తే లెక్కకు మించిన ఆరుగురిని వెనకనున్న పట్టుపురుగుల షెడ్డులోకి తోలేవారు. ఒంటి మీద పుండ్లున్నవాళ్లు, గట్టిగా అరిచేవాళ్లు అందులోకి పోయేవారు. అంగాళమ్మ అరవదు, ఆమెకు పుండ్లూ లేవు. కొత్తవాళ్లు ఎవరు కనిపించినా దగ్గరికెళ్లి, "అక్క బయట తాళం వేస్తాది" అని నవ్వుతూ చెప్పేస్తుంది. ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తుందనే ఆమెనూ దాచేవారు.

ఆ రోజు షెడ్డు తలుపు తీయగానే పుట్టమ్మ కళ్లు భగ్గున మండాయి. ఒక పంట గూళ్లు దించాక, మళ్లీ పురుగులు వేసే ముందు షెడ్డంతా క్రిములు చచ్చేలా ఫార్మలిన్ మందు కొట్టి, గాలి చొరకుండా కిటికీలకు ప్లాస్టిక్ కాగితం అంటించి, మూసి పెట్టడం ఆ పక్క రైతులందరూ చేసే పనే. వరదప్ప పొలం చూసుకునే మారియప్ప కిందటి సాయంత్రమే ఆ పని చేసి ఊరికి పోయాడు. తనిఖీ సంగతి అతనికి తెలియదు. మందు కొట్టిన సంగతి వరదప్పకు గుర్తు లేదు. పుట్టమ్మ పరుగున బంగళా ముందున్న వరదప్ప దగ్గరికి వచ్చింది.

"అన్నా, నిన్న సాయంత్రం షెడ్డులో మందు కొట్టినాడు మారియప్ప. తలుపు తీస్తానే కండ్లు మండినాయి."

"నిన్న కదమ్మా కొట్టింది? ఇంకేముంటాది? ఒక గంట సేపు. వస్తారు, చూస్తారు, ఎళనీరు బోండాం తాగి పోతారు."

"కిటికీలన్నా తీసి పెడతాను."

"తీస్తే అరుపులు ఈడికి వినబడవా?" వరదప్ప గొంతు తగ్గించాడు. "తనిఖీకి వచ్చే ఈ మేడమ్ కొత్త, పుట్టమ్మా. లైసెన్సు పోయిందంటే ఇరవైనలుగురూ రోడ్డు మీదికి వస్తారు. నీ చెల్లెలు యాడికి పోతాది? నువ్వే చెప్పు."

పుట్టమ్మ షెడ్డుకు తిరిగి పోయి ఒక్కొక్కరినీ లోపలికి పంపింది. అందరికంటే పెద్దదైన రామలక్ష్మమ్మ గడప దగ్గరే దగ్గు మొదలుపెట్టింది. అంగాళమ్మ అక్క కొంగు పట్టుకుంది.

"అక్కా, కండ్లు మంట."

"మూసుకో తల్లీ. నేను వచ్చి పిలిచేదాకా కదలొద్దు, అరవొద్దు. దగ్గు వస్తే కొంగు నోట్లో పెట్టుకో. అరిచినావంటే మనల్ని పంపించేస్తారు."

అంగాళమ్మ తల ఊపింది. పుట్టమ్మ ఆమెను లోపల ఒక మూల కూర్చోబెట్టి, బయటికి వచ్చి తాళం వేసింది. అప్పుడు తొమ్మిదిన్నర.

పదికి రావలసిన జీపు పదకొండైనా రాలేదు. పుట్టమ్మ వసారాలో నిలబడలేకపోయింది. "ఒక తూరి పోయి చూసి వస్తానన్నా" అని రెండుసార్లు అడిగింది. "ఇదో వచ్చేస్తా ఉండారు, కదలొద్దు" అని రెండుసార్లూ వరదప్ప ఆపాడు. షెడ్డు వైపు నుంచి తలుపు మీద కొట్టిన చప్పుడు వినిపించింది. ఎవరూ చెప్పకుండానే ఆమె వంటింట్లోకి పోయి గిన్నెలు దబదబా కడగసాగింది. గిన్నెల చప్పుడులో తలుపు చప్పుడు కలిసిపోయింది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకు అన్నం దిగదు.

పదకొండుంబావుకు తనిఖీ అధికారి ప్రతిభ వచ్చింది. హోసూరు పిల్లే, ఇంట్లో తెలుగే, పనిలో నిజాయితీ ఉన్న మనిషే. మూడు రోజుల ముందు కాగితం పంపి మరీ వచ్చింది, పద్ధతి అదే కాబట్టి. పద్దెనిమిది మంచాలు లెక్కపెట్టింది. ఎర్ర బకెట్లు చూసి ఫారంలో టిక్కు పెట్టింది. స్నానాలు చేయించి, తలకు పూలు పెట్టి కూర్చోబెట్టిన పద్దెనిమిది మందినీ, "భోజనం బాగుందా అమ్మా?" అని అడిగింది. పక్కనే వరదప్ప చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. బాగుంది, బాగుంది అని అందరూ అన్నారు. తర్వాత ఆఫీసు గదిలో ఫ్యాను కింద కూర్చుని ఎళనీరు అందుకుంటూ, తెచ్చి ఇచ్చిన పుట్టమ్మనూ పలకరించింది.

"ఎన్నేండ్లుగా ఉండారమ్మా ఈడ?"

"తొమ్మిదేండ్లు మేడమ్."

"అన్నీ సక్రమంగా ఉండాయా?"

వరదప్ప ఆమెను చూశాడు. కోపంగా కాదు, బతిమాలుతున్నట్టు చూశాడు. ఆ చూపే ఆమెను కట్టేసింది. "ఉండాయి మేడమ్" అంది పుట్టమ్మ.

ప్రతిభ పెన్ను తీసింది. గదిలో ఫ్యాను తిరిగే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. పుట్టమ్మ ఇంతసేపూ షెడ్డులోంచి చప్పుడు వస్తుందేమోనని బెదిరింది. ఇప్పుడు ఆ చప్పుడే రావడం లేదు. తలుపు కొట్టే చేతులు ఏమయ్యాయి? దగ్గు ఏమైంది? రోడ్డు మీద పడతామన్న భయం తొమ్మిదేళ్లుగా ఆమె మెడ మీద కూర్చుని ఉంది. ఆ క్షణం అది ఎటు పోయిందో ఆమెకే తెలియదు.

"మేడమ్, సంతకం పెట్టొద్దు. ఇంకా ఆరు మంది ఉండారు. షెడ్డులో పెట్టి తాళం వేసినాను. నేనే వేసినాను."

అంటూనే ఆమె పరుగెత్తింది. తొందరలో తాళంచెవి రెండుసార్లు కింద పడింది. తలుపు తెరుచుకోగానే ఘాటు ముఖానికి కొట్టి, వెనకే వచ్చిన ప్రతిభ ముక్కు మూసుకుని వెనక్కి తూలింది. ఐదుగురు గడప దగ్గర, తలుపు కింది సందుకు మొహాలు ఆనించి పడి ఉన్నారు. వాళ్లలో రామలక్ష్మమ్మకు స్పృహ లేదు. అంగాళమ్మ వాళ్లలో లేదు. అక్క కూర్చోబెట్టిన మూలలోనే, గోడ వైపు తిరిగి, మూసిన కళ్లలోంచి నీళ్లు ధారలు కడుతుండగా, కొంగంతా నోట్లో కుక్కుకుని కూర్చుని ఉంది. మిగతావాళ్లు తలుపు బాదుతుంటే కూడా ఆమె కదలలేదు. పుట్టమ్మ పోయి ఆ కొంగు లాగేసింది.

"అక్కా," అంది అంగాళమ్మ బొంగురు గొంతుతో, "నేను అరవలేదు."

పుట్టమ్మ చెల్లెలిని బయటికి ఎత్తుకొచ్చి, కూలబడి గుండెలవిసేలా ఏడ్చింది. ఆరుగురినీ జీపులో, టెంపోలో వేసి హోసూరుకు తీసుకెళ్లారు. అందరూ బతికారు. రామలక్ష్మమ్మ పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉంది. అంగాళమ్మకు కుడికంటి చూపు తిరిగి రాలేదు.

వరదప్ప మీద కేసు పెట్టారు. పోలీసులు అడగక ముందే పుట్టమ్మ తన పేరు కూడా చెప్పింది. రెండు వారాల తర్వాత ప్రతిభ ఆ ఇరవైనలుగురి బంధువుల్లో దొరికినవాళ్లను కృష్ణగిరికి పిలిపించింది. అందరినీ మంచి చోట్లకు మార్చాలి, సంతకాలు కావాలి. రామలక్ష్మమ్మ తమ్ముడు అశ్వత్థప్ప, హోసూరులో వ్యాపారం చేసే పెద్దమనిషి, అందరి ముందూ మండిపడ్డాడు.

"ఏటేటా పోయి చూసినాం మేడమ్. పరుపులు, పూల మొక్కలు, అంతా శుభ్రంగా ఉండేది. మాకేం తెలుసు లోపల ఇట్ల జరుగుతా ఉండాదని?"

"నాకూ తెలియలేదప్పా," అంది ప్రతిభ. "తప్పు నాది కూడా. వస్తానని కాగితం పంపినాను. చూపించిందే చూసినాను. ఆయన పక్కన నిలబడి ఉంటే వాళ్లను బాగున్నారా అని అడిగినాను. ఆ దినం ఈ పుట్టమ్మ నోరు తెరవకపోతే సంతకం పెట్టి పోయి ఉంటాను."

వెనక గోడకు ఆనుకుని చెల్లెలితో కూర్చున్న పుట్టమ్మ లేచింది. ఆమె మాట్లాడుతుందని ఎవరూ అనుకోలేదు.

"నేను చెప్పేదానికి అర్హత లేదు, తాళం వేసిన దాన్ని. అయినా చెప్తాను, వినండి. మీరు ఫోన్ చేసి వచ్చేవాళ్లు. మీరు వస్తారంటే మేము స్నానాలు పోసి, పూలు పెట్టేవాళ్లం. మీరు ముందర గదిలో కూర్చుని మిఠాయి పొట్లం ఇచ్చి పోయేవాళ్లు. తొమ్మిదేండ్లలో ఒక్కరన్నా మీ మనిషి పండుకునే చోటు యాడ అని అడగలేదు. అడిగి ఉంటే నేను చూపించక తప్పేది కాదు. ఇకమీదన్నా చెప్పకుండా పోండి. మాలాంటివాళ్లను దూరంగా పంపించి వాళ్లనే అడగండి. మతి లేదు, వాళ్లకేం తెలుస్తాదని అనుకోవద్దండి. నా చెల్లెలికి మతి లేదన్నారు. ఆ ఇంట్లో నిజం చెప్పింది అది ఒకతే."

అశ్వత్థప్ప తల దించుకున్నాడు. పుట్టమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, తన మాట ముగించింది.

"తప్పిపోతారని భయముంటే కాపలాకు ఇంకో మనిషిని పెట్టాలప్పా, తాళం పెట్టకూడదు."