గబ్బిలం వేషం

మా ఆయన కాలు విరగడం నాకు కలిసొచ్చింది. పైకి అనకూడని మాటే, కానీ నిజం. విరిగిందంటే పూర్తిగా కూడా కాదు. రేడియోలు బాగుచేసే తన కొట్లో ఎత్తుపీట మీది నుంచి జారిపడితే చీలమండ దగ్గర సన్నటి పగులు వచ్చింది. మూడు వారాలు పిండికట్టు. అంటే మూడు వారాల పాటు నేను టీవీ పెడితే ఆయన లేచి పారిపోలేరు.

పదకొండేళ్ళుగా ఆయన చేస్తున్నది అదే. ఇంట్లో సినిమా మొదలైతే చాలు, కుళాయి కారుతోందనో గొళ్ళెం వదులైందనో గుర్తొచ్చేస్తుంది.

ఒకప్పుడు ఇలా ఉండేవారు కాదు. ఇద్దరం ఒకే స్టూడియోలో పనిచేసేవాళ్ళం. ఆయన పని పొడవాటి కర్ర చివర మైకు కట్టి, నటుల తలల మీదుగా, కెమెరా కంటపడకుండా పట్టుకుని నిలబడటం. నేను దుస్తుల విభాగంలో దర్జీని. పెళ్ళయ్యాక ప్రతి శనివారం మ్యాట్నీకి వెళ్ళేవాళ్ళం. ఆయన చూపెప్పుడూ తెర పై అంచు మీదే, ఎవరి మైకైనా తొంగిచూస్తుందేమోనని. నా చూపు కాలర్ల మీద, కుట్ల మీద. బయటికొచ్చాక "ఇంతకీ ఆ పిల్ల వాణ్ణెందుకు వదిలేసిందే?" అని ఆయన అడిగితే, "వదిలేసిందా?" అని నేను. ఇద్దరి తెలివీ కలిపినా ఒక్క కథ పూర్తయ్యేది కాదు. ఆ శనివారాలంటే నాకు ప్రాణం.

తర్వాత ఆ సినిమా వచ్చింది. అందులో ఒక తల్లి పాత కోటు వేసుకుని, కొడుకు ఖాళీ మంచం పక్కన కూర్చుని మాట్లాడుతుంది. ఆ వేషం వేసిన పెద్దావిడ ముందే చెప్పేసింది, "ఒక్కసారే చేస్తాను, రెండోసారి నా వల్ల కాదు" అని. చేసింది. సెట్లో చీమ చిటుక్కుమనలేదు. సరిగ్గా మధ్యలో మా ఆయన మైకు రెండు సెకన్లు ఫ్రేములోకి దిగింది. ఎక్కడా కత్తిరించడానికి వీల్లేని దృశ్యం. అలాగే ఉంచేశారు.

మొదటిరోజు హాల్లో నేను ఆయన పక్కనే ఉన్నాను. తెర మీద తల్లి ఏడుస్తోంది. మైకు దిగింది. ముందు వరసలో ఎవడో ఈల వేశాడు. హాలంతా గొల్లుమంది. ఆయన లేచి బయటికి వెళ్ళిపోయారు. ఆ వారమే స్టూడియోలో కర్ర అప్పగించేసి, భుజం నొప్పి, అందుకే మైకు దిగింది అని చెప్పి, రేడియోల కొట్టు పెట్టుకున్నారు. అదే నిజమని నేనూ నమ్మాను. మళ్ళీ ఏ సినిమాకీ నా పక్కన కూర్చోలేదు. ఆ సినిమా పేరు ఇంట్లో ఎవరైనా ఎత్తితే నేను కూడా మాట మార్చేదాన్ని. నా కారణం నాకుంది, దాని సంగతి తర్వాత.

ఆరేళ్ళ కిందట మా మరిది ఒక డిస్కు తెచ్చాడు. వాడు ఎడిటరు, ఇంట్లో అందరం 'కత్తెర' అంటాం. "జపాన్ సినిమా వదినా. సినిమా తీసేవాళ్ళ మీదే కామెడీ. అన్నయ్య చూసి తీరాలి" అన్నాడు. అన్నయ్య దాని మీద టీ గ్లాసు పెట్టుకున్నారు. ఆరేళ్ళూ అది టీ గ్లాసు కింద పీటే. కత్తెర వచ్చినప్పుడల్లా "చూశారా?" అనడం, మేం "చూస్తాంలేరా" అనడం.

కట్టు వేసిన రెండో ఆదివారం, భోజనాలయ్యాక, గ్లాసు తీసి పక్కన పెట్టాను.

"అది నా గ్లాసు పెట్టుకునేది," అన్నారు.

"ఇవాళ దానికి సెలవు."

"అన్నేళ్ళు అక్కడ చేసిన చాకిరీ చాలక, ఇంట్లో కూర్చుని మళ్ళీ అదే చూడాలా?"

"లేచి వెళ్ళండి. ఎవరొద్దన్నారు?"

కట్టు కాలు వంక చూసుకున్నారు. మూతి ముడుచుకుని, కళ్ళు తెర పై అంచు మీద పెట్టారు.

సినిమాలో పదిమంది బృందం. ఖాళీగా ఉన్న ఒక బడి ఒక్కరోజుకి దొరికింది. సాయంత్రంలోగా రాజుగారి చావు దృశ్యం తీసేయాలి. శవం వేషం వేసినవాడికి జలుబు. రాజకుమారుడి మీసం దృశ్యానికో వైపు జారుతుంటుంది. సైనికుల కవచాలు వంటింటి మూతలు, వాటిని తాళ్ళతో కడుతున్న పిల్ల నోట్లో నాలుగు గుండుసూదులు. అచ్చం నేనే. నేను పడీపడీ నవ్వుతుంటే ఆయన నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నారు.

అప్పుడు ఆ బృందంలో మైకు కర్ర పట్టే మనిషి వచ్చాడు. పొట్టివాడు, ముసలివాడు. ఎత్తు చాలక కుర్చీల మీద కుర్చీలు పేర్చుకుని ఎక్కాడు. ఈ సంగతి తెలిసుంటే ఆ డిస్కు ముట్టుకునేదాన్నే కాదు. కత్తెరని మనసులో తిట్టుకుంటూ రిమోట్ కోసం వెతికాను. అది ఆయన తొడ కింద ఉంది.

తెర మీద రాణి రాజు శవం మీద పడి ఏడుస్తోంది.

"వస్తోంది," అన్నారు మా ఆయన మెల్లగా.

"ఏంటి?"

"మైకు."

వచ్చింది. గాలి చప్పుడు పడకుండా వేసిన బొచ్చు తొడుగుతో సహా, రాణికీ శవానికీ మధ్యలోకి ఊగుతూ దిగింది. మళ్ళీ తీయడానికి టైము లేదు. ఎవరూ కట్ చెప్పలేదు. మంత్రి ఒక్క క్షణం దాన్ని చూసి, నడుం వంచి దండం పెట్టి, "మహారాణీ, గబ్బిలం!" అన్నాడు. సైనికులు కత్తులు దూశారు. శవం తుమ్మింది.

ఒకసారి వచ్చాక గబ్బిలాన్ని కథలోంచి తీసేయడం ఎలా? ప్రతి దృశ్యంలోనూ దాన్ని దించాల్సి వచ్చింది. ముసలాయన దాన్ని ఎంతో గంభీరంగా ఆడిస్తున్నాడు. గబ్బిలం రాణిని ఓదార్చింది. రాజకుమారుడి మీసం ఊడగొట్టింది. చివరికి గద్దె ఎవరిదో తేల్చింది కూడా గబ్బిలమే.

పక్కన మొదట దగ్గులాంటి చప్పుడు వినబడింది. తిరిగి చూద్దును కదా, ఆయన దిండు కడుపుకి అదుముకుని, కళ్ళ నీళ్ళు కారుతుండగా, "కాలు, నా కాలు!" అంటూ నవ్వుతున్నారు. ఆ నవ్వు విని పదకొండేళ్ళయింది.

సినిమా అయ్యాక పేర్లు పడ్డాయి. రాజు ఫలానా, రాణి ఫలానా. ఆ వరసలోనే 'గబ్బిలం' అని, ఎదురుగా ముసలాయన పేరు.

ఆయన నవ్వు ఆగిపోయింది. "వాడికి వేషం ఇచ్చారే," అన్నారు. దిండు పక్కన పెట్టి, "నాది భుజం నొప్పి కాదే," అన్నారు.

నేను లేచి టీవీ గొంతు తగ్గించాను.

"ఆవిడ కొడుకుతో మాట్లాడుతోందా, ఆ మాటలు హెడ్‌ఫోన్లో నా చెవిలోనే చెప్తున్నట్టున్నాయి. కళ్ళు నిండిపోయాయి. ఏమీ కనబడలేదు. ఒక చెయ్యి వదిలి తుడుచుకున్నా. అంతే. ఆవిడ ప్రాణం పెట్టి ఏడిస్తే, నా మూలాన జనం నవ్వారు."

ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఇంత మెత్తటి మనిషికి పదకొండేళ్ళు భుజం నొప్పే అనుకుని తైలం రాస్తూ గడిపాను. ఇక నేనూ దాచలేకపోయాను. బీరువాలో బట్టల అడుగున దాచిన మా ఆ పాత సినిమా డిస్కు తీసి పెట్టాను.

"వద్దే," అన్నారు.

"మీ కోసం కాదు, నా కోసం."

ఖాళీ మంచం వచ్చింది. ఆయన చూపు అలవాటుగా పై అంచుకు పోయింది.

"అక్కడ కాదు. ఆవిడ కుడి చెయ్యి చూడండి. కోటు చేతి అంచు."

తెల్లటి దారం, జానెడు పొడుగు. కచ్చా కుట్టు వేసి తీయడం మరిచిపోయాను. ఆవిడ చెయ్యి ఎత్తినప్పుడల్లా ఊగుతుంది.

"మీ మైకు దిగబట్టి దాన్నెవరూ చూళ్ళేదు. నేను తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నా. నింద మొత్తం మీరొక్కరే మోశారు. అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు."

కోప్పడతారని తల వంచుకున్నాను. ఆయన రిమోట్ తీసి వెనక్కి తిప్పారు.

"ఏదీ?"

మళ్ళీ తిప్పారు. మూడోసారికి దొరికింది.

"అమ్మ దొంగా!" అని నెత్తిన మొట్టారు. "ఉండు, ఇంకోసారి. అసలావిడ ఏమంటోందో చూడనీ."

మళ్ళీ మొదటికి తిప్పారు. తల్లి కొడుకు పక్క సర్దుతూ మాట్లాడుతోంది. మైకు దిగింది, పైకి పోయింది. ఆయన గమనించనే లేదు. ఆవిడ మొహమే చూస్తున్నారు. కళ్ళు నిండాయి. చేతిలో కర్ర లేదు కదా, రెండు చేతులతోనూ తుడుచుకున్నారు.