నంబోజె పాతిన హద్దు

ఎండిన ఆకులు కోసి అరటి మొదళ్ల చుట్టూ పరుస్తూ నంబోజె నాలుగో వరుస పూర్తి చేసింది. అరవై దాటిన మనిషి. కత్తి పట్టీ పట్టీ కుడి అరచెయ్యి కాయలు కాసింది. గుండె జబ్బని ఆస్పత్రిలో చెప్పి నెలైనా పని మానలేదు. పదకొండేళ్లు పరాయి తోటల్లో కాఫీ పళ్లు కోసి, ఆ కూలితో కొన్న తోట ఇది. మా బుగాండా సీమలో ఆడది నేల కొంటే "ఎవరి పేరున?" అని అడుగుతారు. "నా పేరున" అని నంబోజె ఒక్క ముక్కలో తేల్చేసేది.

కాగితం ఉంది. కానీ మా దగ్గర కాగితం కన్నా సమాధి మాట చెల్లుతుంది; ఎవరి సమాధి ఉంటే ఆ నేల వాళ్ల బిడ్డలదే. తనని పుట్టింటి నేలలో పూడిస్తే రేపు కూతురు నకన్వాగిని అన్న కొడుకులు ఈ తోటలోంచి గెంటేస్తారు. ఆవిడ బెంగంతా అదే.

అన్న కసీర్యె గట్టు మీద కూర్చుని ఉన్నాడు.

"నాన్న పక్కన నీకు చోటుంచాం చెల్లీ. ఆడపడుచుకి అంతకన్నా గౌరవమేముంది?"

"బతికుండగా అక్కడ నాకో అరటి పిలకైనా ఇవ్వలేదు. చచ్చాక చోటెందుకన్నా?"

"నలుగురూ నవ్వుతారు."

"నవ్వనీ. టీ తాగి వెళ్లు."

తాగి వెళ్లాడు. అతను మలుపు తిరగ్గానే నంబోజె పక్క తోట లుబొవానీ, అతని భార్యనీ పిలిచింది. వాళ్ల కళ్లెదుటే ఇంటి వెనక నాలుగు లువాన్యి కొమ్మలు పాతింది. హద్దులకి మేం నాటేది అదే. సాక్షుల ముందు పాతినదాన్ని పీకే మొనగాడు మా వైపు ఇంకా పుట్టలేదు.

"ఇదేం హద్దు వదినా? మంచం పట్టేంతే ఉంది," అన్నాడు లుబొవా.

"నాకంతే చాలు. మిగతాదంతా నకన్వాగిది. చూశారుగా, రేపు మాట మార్చకండి."

"ఈయన మారిస్తే నేను లేనా?" అంది అతని భార్య.

మధ్యాహ్నం ఉడికిన అరటికాయ ముద్ద, వేరుశనగ పులుసుతో కడుపునిండా తిని, చాప మీద వాలింది నంబోజె. సాయంత్రం టీకి లేపబోయిన నకన్వాగికి ఆ చెయ్యి చల్లగా తగిలింది.

మర్నాడు కసీర్యె వ్యాను మాట్లాడుకుని వచ్చేసరికి, ఆ నాలుగు కొమ్మల నడుమ లుబొవా నడుంలోతు తవ్వేశాడు.

"ఎవరు తవ్వమన్నారు?"

"ఆవిడే. మేమిద్దరం సాక్షులం."

కసీర్యె చుట్టూ చేరినవాళ్ల వైపు చూశాడు. ఎవరూ తల దించలేదు. చెల్లెలి మొండితనం అతనికి చిన్నప్పట్నుంచీ తెలుసు. పేటికని గోతిలోకి దించాక, ఏడుపు ఆగక, వంగి తనూ గుప్పెడు మన్ను వేశాడు.

వ్యాను ఖాళీగా వెళ్లిపోయింది. శవపేటికను వ్యానుకి కట్టడానికి అతను తెచ్చిన కొత్త తాడు, చుట్ట విప్పకుండానే, నకన్వాగి వాకిట్లో ఉండిపోయింది.