ధైర్యానికి మార్కులు

కరెంటాఫీసులో హెడ్ క్లర్కుగా పనిచేసే ఆ పెద్దమనిషిని కుక్కల క్లబ్బులో అందరూ కెప్టెన్ గారూ అని పిలుస్తారు. ఆయన ఏ సైన్యంలోనూ పనిచేయలేదు. ఆదివారం పూట ఒంటినిండా జేబులున్న ప్యాంటు వేసుకుని, మెడలో ఈల తగిలించుకుని, బూట్లు టకటకలాడిస్తూ వస్తాడని ఎవరో వేళాకోళానికి అన్న మాట అది. ఆయన దాన్ని బిరుదుగా తీసుకున్నాడు. ఆయన భార్యకు మాత్రం ఈ కెప్టెన్ సంగతి బాగా తెలుసు. స్నానాలగదిలో బల్లి కనబడితే తువ్వాలుతోనే బయటికొచ్చి, “ఏమే, ఒకసారి ఇటు రా” అని ఆయన పిలిచేది ఆవిడనే.

ఆవిడ ఇంటి ముందుగదిలో కుట్టుమిషన్ పెట్టుకుని బట్టలు కుడుతుంది. వీధిలో అందరికీ టైలరమ్మ. ఆ ఇంట్లో మూడో ప్రాణి షెపర్డ్ కుక్క. క్లబ్బు పుస్తకంలో దాని పేరు భీకర్. టైలరమ్మకు బుజ్జిగాడు. దానికి అన్నం కలిపేది, స్నానం చేయించేది, చెవుల్లో పిడుదులు ఏరేది, వాన పడుతున్నా బయట తిప్పేది ఆవిడే. దాని శౌర్యం గురించి ఆఫీసులో చెప్పుకునే పని మాత్రం కెప్టెన్‌ది.

క్లబ్బువాళ్ళు ఏడాదికోసారి పోటీ పెడతారు. పనికుక్కల గుండెదిటవును, నిబ్బరాన్ని తూచే పోటీ. గోనెపట్టాతో కుట్టిన లావుపాటి స్లీవ్ ఒకటి చేతికి తొడుక్కుని ఒక మనిషి దొంగ వేషం కడతాడు. అతన్ని హెల్పర్ అంటారు. అతను మెత్తటి కర్ర ఊపుతూ మీదికొస్తే కుక్క బెదరకుండా ఆ స్లీవ్‌ని పట్టుకోవాలి. దెబ్బ పడినా పట్టు సడలకూడదు. అతను కదలకుండా నిలబడ్డాక యజమాని ‘వదులు’ అంటే ఆ క్షణమే వదిలేయాలి. ఎగబడటానికి ఎన్ని మార్కులో ఆగటానికీ దాదాపు అన్ని మార్కులు. మనుషులకు ఇలాంటి పరీక్ష ఎవరూ పెట్టరు కాబట్టి సరిపోయింది.

కిందటేడు భీకర్ ఆ కర్రను వాసన చూసి, హెల్పర్ ఎదురుగా చతికిలబడి, షేక్‌హ్యాండిచ్చాడు. మైదానమంతా గొల్లుమంది. కెప్టెన్ ఇంటికొచ్చి బూట్లు విప్పకుండానే తీర్పు చెప్పేశాడు.

“ఇంకొక్క ఛాన్సిస్తా. వచ్చే ఏడు కూడా తప్పితే కాపలాకని గోడౌన్ ఆయనకి ఇచ్చేస్తా. మాట కూడా ఇచ్చేశాను.”

“ఎవర్నడిగి ఇచ్చారు?”

“నా కుక్కని నేనిచ్చుకోడానికి ఒకరినడగాలా? పిరికి వెధవ ఇంట్లో ఉంటే నాకు తలవంపులు.”

టైలరమ్మ ఒకసారి ఆ గోడౌన్‌కి కూలీల చొక్కాలు ఇవ్వడానికి వెళ్ళింది. రేకుల షెడ్డు ముందు ఒక ఇనప స్తంభం, దానికి కొండీ, చుట్టూ గచ్చు మీద కుక్క తిరిగి తిరిగి అరగదీసిన గుండ్రటి చార. కుక్క మాత్రం లేదు. “పోయిందమ్మా, ఇంకోటి చూస్తున్నా” అన్నాడు యజమాని, బల్బు మాడిపోయిందన్నంత తేలిగ్గా. ఆ చార ఆవిడ కళ్ళలోంచి పోలేదు. అందుకే కుక్కను ఎలాగైనా నెగ్గించాలన్న పట్టుదల కెప్టెన్ కంటే ఆవిడకే ఎక్కువైంది.

ఆదివారం సాధన చాలదని కెప్టెన్ ఒక పాత స్లీవ్ ఇంటికి తెచ్చాడు. చిరుగులకు టైలరమ్మ గోనె మాసికలు వేసింది. దొంగ వేషం వేయమంటే పక్కింటాయన నడుం నొప్పన్నాడు, ఎదురింటాయన అసలు తలుపే తీయలేదు. చివరికి కెప్టెనే స్లీవ్ తొడుక్కున్నాడు. పెరట్లో గొలుసు పట్టుకుని టైలరమ్మ నిలబడేది. కెప్టెన్ గోడ మూలనుంచి చీపురు ఊపుతూ, గావుకేకలు పెడుతూ పరిగెత్తుకొచ్చేవాడు. ఆవిడ గొలుసు విప్పేది.

మొదట్లో బుజ్జిగాడికి ఇదంతా ఏమిటో అంతుపట్టలేదు. తర్వాత తర్వాత మహా రుచిగా తోచింది. స్లీవ్ పట్టుకుని కెప్టెన్‌ను బట్టలుతికే రాయి చుట్టూ ఈడ్చేవాడు. “వదులు! వదలరా! ఓరి నీ... వదలమంటుంటే!” అని కెప్టెన్ ఎంత అరిస్తే వాడు అంత గట్టిగా బిగించేవాడు. చివరికి ఆవిడే వెళ్ళి మెల్లగా, “చాలు బుజ్జీ, ఇచ్చెయ్” అనేది. వాడు వెంటనే వదిలేసి ఆవిడ పక్కన కూర్చునేవాడు.

“చూశావా, వదలమంటే ఎలా వదిలాడో!” అనేవాడు కెప్టెన్, రొప్పుతూ, మోచెయ్యి రుద్దుకుంటూ. క్లబ్బులోనూ ఈ సంగతి బయటపడలేదు. అక్కడ సాధనలో మెడకు గొలుసుండేది. గొలుసు లాగితే వదిలేవాడు. పోటీలో గొలుసుండదని అందరికీ తెలుసు. దాని వల్ల ఏమవుతుందో ఎవరికీ తట్టలేదు.

పోటీ రోజు తాడుకట్టిన మైదానం చుట్టూ కుర్చీలు వేశారు. టైలరమ్మ పక్క కుర్చీలో గోడౌన్ యజమాని వచ్చి కూర్చున్నాడు. మైకులో జడ్జి ముందే హెచ్చరించాడు. “చూసేవాళ్ళెవరూ కుక్కల్ని పిలవకూడదు. బయటివాళ్ళు పిలిస్తే ఆ కుక్క పోటీలోంచి ఔటే.”

భీకర్ పేరు పిలిచారు. కెప్టెన్ ఛాతీ విరుచుకుని వచ్చి నిలబడ్డాడు. మైదానం ఆ చివరినుంచి హెల్పర్ కర్ర ఎత్తి, కేకలు పెడుతూ దూసుకొచ్చాడు. కుక్క విల్లునుంచి వదిలిన బాణంలా పోయి, గాల్లోకి లేచి స్లీవ్‌ని నోటినిండా పట్టుకుంది. హెల్పర్ గిర్రున తిరిగాడు. కర్రతో రెండు దెబ్బలు వేశాడు. కుక్క కన్నార్పలేదు. జనం చప్పట్లు కొట్టారు. టైలరమ్మ ఊపిరి పీల్చుకుంది.

హెల్పర్ కొయ్యబారినట్టు నిలబడ్డాడు. జడ్జి చెయ్యి ఊపాడు.

“వదులు!” అన్నాడు కెప్టెన్.

కుక్క తోక ఆడింది. దవడ ఇంకా బిగిసింది.

“వదులు! వదలరా!” కెప్టెన్ గొంతు కీచుమంది. అచ్చం పెరట్లో అరిచినట్టే. ఆ గొంతు వినగానే కుక్క హుషారుగా హెల్పర్‌ను నాలుగడుగులు ఈడ్చింది.

టైలరమ్మకు అప్పుడు తట్టింది. ఆ అరుపు వాడికి ఆజ్ఞ కాదు, ఆటలో దొంగ పెట్టే కేక. ఏడాదిపాటు చేతులారా నేర్పించారు మరి.

“అబ్బబ్బ!” అన్నాడు గోడౌన్ యజమాని తొడ చరుచుకుంటూ. “చూశావా చెల్లెమ్మా! పెంచినాయన చెప్పినా వదలట్లేదు. దొంగ దొరికాడంటే పొద్దున నేనొచ్చి తాళం తీసేదాకా పట్టుకునే ఉంటుంది. నాక్కావలసింది ఇదే!”

“పోటీ ఇంకా అవలేదన్నయ్యగారూ.”

“అయిపోయిందమ్మా. మూడోసారికీ వదలకపోతే ఔట్. ఔటైతే నాది. గొలుసు వ్యాన్లోనే ఉంది.”

మైదానం మధ్యలో కెప్టెన్ మూడో కేకకు గాలి నింపుకుంటున్నాడు. ఆ కేక వేస్తే ఏమవుతుందో టైలరమ్మకు అర్థమైంది. తను పిలిచినా వాడు ఔటే. కాకపోతే వాడు వదలడం పక్కనున్నాయన కళ్ళారా చూస్తాడు, ఊరందరి ముందూ మొగుడి పరువు గంగలో కలుస్తుంది. ఆవిడ ఎప్పుడూ నలుగురిలో గొంతెత్తిన మనిషి కాదు. కుర్చీ అంచుకు జరిగి గొంతెత్తింది.

“బుజ్జీ, చాలమ్మా. ఇచ్చెయ్, రా.”

కుక్క ఠక్కున నోరు తెరిచింది. హెల్పర్ వెనక్కి పడబోయి తమాయించుకున్నాడు. మూడో కేకకు నోరు తెరిచిన కెప్టెన్ పక్కనుంచే అది, ఆయన్ను కన్నెత్తయినా చూడకుండా, మైదానమంతా దాటి, తాడు దూకి వచ్చి ఆవిడ ఒళ్ళో తల పెట్టింది.

మైదానమంతా మళ్ళీ గొల్లుమంది. కిందటేటి నవ్వు దీని ముందు ఎందుకూ పనికిరాదనిపించింది. జడ్జి కూడా మైకు పక్కకు తిప్పి ఓసారి దగ్గాడు.

“కుక్కకు ధైర్యంలో పూర్తి మార్కులు. మాట వినడమూ చక్కగానే వచ్చు. కాకపోతే తీసుకొచ్చినాయన మాట కాదు. బయటి మనిషి పిలిచారు కాబట్టి పోటీ నుంచి తప్పిస్తున్నాం.”

బయటి మనిషి అన్నమాటకు టైలరమ్మకు కోపం రాలేదు. ఆ మాట సంగతి ఇంటికెళ్ళాక చూసుకోవచ్చు. కెప్టెన్ మొహం కందగడ్డలా చేసుకుని వచ్చి, గొలుసు గోడౌన్ యజమాని ముందు చాపాడు.

“తీసుకెళ్ళండి. మాటంటే మాటే.”

గోడౌన్ యజమాని చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. “నాకెందుకండీ ఇది? ఎవరో కాస్త ముద్దుగా పిలిస్తే దొంగను వదిలేసి వెళ్ళి ఒళ్ళో కూర్చునే రకం. నా సరకంతా బండికెక్కించి మరీ సాగనంపుతుంది.”

“అవునన్నయ్యగారూ,” అంది టైలరమ్మ కుక్క తల నిమురుతూ. “ఎవరు పిలిచినా ఇంతే. వెర్రిమాలోకం.”

ఆవిడ తప్ప లోకంలో ఎవరు పిలిచినా వాడు తలతిప్పి చూడడు. పెళ్ళయినప్పటినుంచీ ఆవిడ ఇంత నున్నగా అబద్ధం ఆడలేదు.

గోడౌన్ యజమాని వెళ్ళిపోయాడు. కెప్టెన్ చేతిలో గొలుసు వేలాడుతూ ఉండిపోయింది.

“నలుగురిలో నన్ను వెధవను చేశావు,” అన్నాడు పళ్ళ బిగువున.

“కుక్కని ఇచ్చేస్తానని మాటిచ్చేటప్పుడు నన్నడిగుంటే ఇంత దూరం వచ్చేది కాదు. ఇకనుంచి వాడు ఎక్కడికీ వెళ్ళడు. ఎవరికి మాటిచ్చినా సరే.”

కెప్టెన్ చుట్టూ చూశాడు. క్లబ్బువాళ్ళు చెవులు రిక్కించి వింటున్నారు. గొంతు తగ్గించాడు.

“అసలు వాడికి నేనంటే బొత్తిగా భయం లేదే.”

“లేదు. ఏడాదంతా అదే కదండీ నేర్పించారు.”

 కెప్టెన్ ఈల జేబులో వేసుకుని, కారు దగ్గరికి నడిచి, వెనక తలుపు తెరిచాడు. వాళ్ళిద్దరూ ఎక్కి సర్దుకుని కూర్చునేదాకా ఆ తలుపు పట్టుకుని ఎండలో నిలబడ్డాడు.